ఏడాది అయిపోయింది కదా అంటున్నారు, నాకేమో గునుగు పూలు చూస్తే ఏడుపొస్తోంది

ప్రశ్న: అక్కా, నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, భర్త, ఏడేళ్ల పాప. మా ఊరు సిద్దిపేట దగ్గర. పోయిన ఏడాది శ్రావణంలో మా అమ్మ చనిపోయింది. మొన్న శ్రావణంలో ఏడాది మాసికం కూడా పెట్టాం. ఎండాకాలమంతా బాగానే ఉన్నాను, ఆఫీసు, పాప బడి, అన్నీ చూసుకున్నాను. ఈ పదిహేను రోజుల నుంచి మాత్రం నా వల్ల కావడం లేదు. వానలు తగ్గాయి, ఎండ రంగు మారింది, రోడ్డు పక్కన గునుగు పూసింది. అది చూసి కారు పక్కకు ఆపి ఏడ్చాను. సాయంత్రం ఆరున్నర అయితే గుండె మీద రాయి పెట్టినట్టు ఉంటోంది. ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ రోజూ ఆ టైమ్‌కే అమ్మతో ఫోన్ మాట్లాడేదాన్ని. బతుకమ్మకు రమ్మని తమ్ముడు పిలుస్తున్నాడు. అమ్మ లేని ఇంటికి బతుకమ్మకు ఎలా పోవాలి? పోకపోతే బాపు ఏమైపోతాడో అని ఇంకో టెన్షన్. మా అత్తమ్మ మంచిదే, కానీ "ఏడాది అయింది కదా, ఇంకా ఏడిస్తే పోయినవాళ్లకు మంచిది కాదు" అంటుంది. దుఃఖానికి ఐదు దశలుంటాయని చదివాను, నేను ఏ దశలో ఆగిపోయానో అర్థం కావడం లేదు. పాపేమో బతుకమ్మ చేద్దాం అంటోంది. నాకు పాటలు కూడా రావు, అమ్మ పాడితే వెనక అందుకోవడమే తెలుసు.

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ముందు ఆ ఐదు దశల సంగతి చూద్దాం, ఎందుకంటే దాని వల్ల నీది కాని తప్పొకటి నీ నెత్తిన పడింది. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ 1969లో ఆ దశల గురించి రాశారు, నిజమే. కానీ ఆమె మాట్లాడింది చావుకు దగ్గరపడిన రోగులతో. తను చనిపోబోతున్నానని తెలిసిన మనిషి మనసులో ఏం జరుగుతుందో గమనించి రాసిన మాటలవి. తర్వాత జనం వాటిని తల్లిని పోగొట్టుకున్న కూతురికీ, భర్తను పోగొట్టుకున్న భార్యకూ అందరికీ అంటించేశారు. అది బస్సు రూటు కాదు, ఒక స్టాప్ తర్వాత ఇంకో స్టాప్ రావడానికి. కాబట్టి నువ్వు ఎక్కడా ఆగిపోలేదు. ఎండాకాలం బాగున్నావు, ఇప్పుడు బాగాలేవు, మళ్లీ బాగుంటావు, మళ్లీ ఒక రోజు కూరగాయల బండి దగ్గర ఏదో కనిపించి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అని నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పింది కూడా దాదాపు ఇదే: దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు వైపు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, అలా తిరగడమే తట్టుకోవడం అని. నీకు ఎండాకాలంలో బతుకు వైపు ఎక్కువ గడిచింది. ఇప్పుడు అమ్మ వైపు తిరిగావు.

మరి ఇప్పుడే ఎందుకు అంటావా. నీ ఉత్తరంలో నువ్వు గమనించని విషయం ఒకటుంది. అందరూ ఏడాది అయింది అంటున్నారు, లెక్కకు ఇది అమ్మ పోయాక రెండో బతుకమ్మ. కానీ పోయిన ఏడు బతుకమ్మ వచ్చేసరికి అమ్మ పోయి ఇంకా రెండు నెలలు కూడా నిండలేదు. ఇంట్లో పండగ లేదు. నిన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, పువ్వు తెమ్మని ఎవరూ అడగలేదు, నువ్వు ఆడకపోతే ఎందుకు ఆడలేదని ఎవరూ అనలేదు. ఏడాది పాటు పండగ చేసుకోకూడదు అన్న ఆ కట్టుబాటు నిన్ను చేయిపట్టుకుని ఆ తొమ్మిది రోజులూ దాటించింది. చాలామంది దాన్ని చాదస్తం అనుకుంటారు, నేను అనుకోను. దుఃఖంలో ఉన్న మనిషిని ఏడాది పాటు నవ్వమని ఎవరూ అడగకుండా అడ్డుపెట్టిన తడిక అది. మొన్న మాసికంతో ఆ తడిక తీసేశారు. అమ్మ లేకుండా బతుకమ్మ చూడటం నీకు నిజంగా ఇదే మొదటిసారి. అది మొదటిసారి బరువుగానే ఉంటుంది కదా. అందులో నీ లోపం ఏముంది?

సాయంత్రం ఆరున్నర సంగతీ అంతే. పొద్దు తొందరగా కుంకుతోంది కాబట్టి మనసు బాగాలేదేమో అని నువ్వు అనుకోవచ్చు. చలి దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఆ ఇబ్బంది నిజంగానే ఉంటుంది, నవంబర్‌లో అక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది. కానీ హైదరాబాద్‌లో జూలైలో ఆరూ యాభై దాటాక కుంకే పొద్దు, కార్తీకంలో కూడా ఐదూ నలభై దాకా ఉంటుంది. మొత్తం కలిపితే గంటంబావు తేడా. నిన్ను కుంగదీస్తున్నది ఆ గంటంబావు కాదనే నాకనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఆరున్నరకు వెలుతురుండేది, ఇప్పుడు అదే టైమ్‌కు చీకటి పడుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, అచ్చం నువ్వు అమ్మతో మాట్లాడుతూ ఇంటికి వచ్చిన ఆశ్వయుజం సాయంత్రాల్లాగే ఉంది. "పూలు ఎప్పుడు తెప్పించమంటవ్, సెలవు దొరికిందా" అని ఆమె అడిగే రోజులు కదా ఇవి. నీ ఒంటికి ఆ మాటలు గుర్తున్నాయి. కోసిన గడ్డి వాసన, తడి ఆరుతున్న మట్టి వాసన, బంతిపూల వాసన కూడా అంతే, వాసనలు మెదడులో జ్ఞాపకాలూ భావాలూ ఉండే చోటికి మిగతావాటి కంటే నేరుగా పోతాయి. అందుకే కారణం తెలిసేలోపే కన్నీళ్లు వచ్చేస్తాయి. కారు పక్కకు ఆపి ఏడ్చావు చూడు, చాలా మంచి పని చేశావు. ఆపకుండా నడుపుతూ ఏడవకు, అది మాత్రం నా మాట విను.

ఇక అసలు ప్రశ్న, బతుకమ్మకు పోవాలా వద్దా.

దానికంటే ముందు ఒక సంగతి గుర్తు చేస్తాను. బతుకమ్మ మొదలయ్యే రోజు ఏది? ఎంగిలిపూల బతుకమ్మ. అదే రోజు ఇంకేముంది? పెత్రమాస. భాద్రపద అమావాస్య, పెద్దల అమావాస్య. పొద్దున స్నానం చేసి, పోయినవాళ్లను పేరు పేరునా తలుచుకుని, బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇచ్చి వస్తారు. అదే ఇంట్లో అదే ఆడవాళ్లు సాయంత్రానికి పట్టుచీర కట్టుకుని బతుకమ్మ ఎత్తుకుని బయటికొస్తారు. పొద్దున పోయినవాళ్లకు బియ్యం, సాయంత్రం పువ్వులు, రెండూ ఒక్క రోజే. ముందు దుఃఖం పూర్తిగా తీర్చుకుని రా, అప్పుడు పువ్వు ముట్టుకుందువు అని మన పెద్దవాళ్లు అనలేదు. తీరదని వాళ్లకు తెలుసు. నేను మొదట్లో ఇది గమనించలేదు, చిన్నప్పుడు పెత్రమాస అంటే మాకు కూరగాయల సంచీ మోసే పని, అంతే. మా నాన్న పోయాక అర్థమైంది ఆ రోజు ఎందుకు అలా ఉందో.

ఈ పెత్రమాసకు మీ ఇంట్లో అమ్మ పేరు మీద మొదటిసారి బియ్యం ఇస్తారు, ఏడాది అయిపోయింది కాబట్టి. భర్త ఉండగా పోయిన ఆడవాళ్లకు కొన్ని ఇళ్లల్లో భాద్రపద బహుళ నవమి నాడే పెడతారు, అవిధవ నవమి అంటారు, మీ పద్ధతి ఏదో బాపునో మీ మేనత్తనో అడిగి తెలుసుకో. ఏ రోజైనా సరే, ఆ పని తమ్ముడు ఒక్కడే చేసి రావడం కాదు, నువ్వూ ఉండు. అమ్మకు ఏ కూరగాయ ఇష్టమో నువ్వు కొను. చిక్కుడుకాయ అయితే చిక్కుడుకాయ. దుఃఖానికి చేతికి ఒక పని దొరికితే అది కాస్త కుదుటపడుతుంది, ఊరికే గుండెల్లో కూర్చుని ఉంటే రాయిలాగే ఉంటుంది.

తొమ్మిది రోజులూ ఉండాలని లేదు. అన్ని రోజులూ నవ్వుతూ ఆడాలని అసలే లేదు. బతుకమ్మలోనే ఆరో రోజు ఏముందో నీకు తెలుసు కదా, అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ బతుకమ్మను పేర్చరు, ఆడరు. తొమ్మిది రోజుల పండగలోనే ఒక రోజు అలకకు వదిలిపెట్టారు. నువ్వు కూడా నీకు కావలసినన్ని రోజులు అలగవచ్చు. ఎంగిలిపూల నాడు పోయి, మళ్లీ చివరి రోజు సద్దులకు పో. మధ్యలో హైదరాబాద్‌కు వచ్చెయ్. లేదా సద్దులకు మాత్రమే పో. ముందే తేల్చుకుని తమ్ముడికి చెప్పు: "నేను ఫలానా రోజు వస్తా, ఆడాలనిపిస్తే ఆడతా, లేకపోతే కూర్చుని చూస్తా, నన్ను బలవంతం చేయొద్దు, చుట్టాలు అడిగితే నువ్వే చెప్పు." ఇంత స్పష్టంగా చెప్పాలి. చెప్పకుండా పోతే అక్కడ ప్రతి ఒక్కరికీ నువ్వే జవాబు చెప్పుకుంటూ తిరగాల్సి వస్తుంది, అప్పుడు ఏడవడానికి కూడా టైమ్ ఉండదు.

ఒక చోట మాత్రం జాగ్రత్త. బతుకమ్మను చెరువులో వదిలే క్షణం. పొద్దంతా కూర్చుని పేర్చినదాన్ని చీకటి పడ్డాక నీళ్లలో పెట్టి, పోయి మళ్లీ ఏడాదికి రమ్మని సాగనంపుతాం. తల్లిని పోగొట్టుకున్నవాళ్లకు ఆ మాట నోట్లోంచి రాదు. ఎందుకంటే బతుకమ్మ మళ్లీ ఏడాది వస్తుంది. నాకు తెలిసిన ఒకామె అంతసేపూ బాగా ఆడి సరిగ్గా అక్కడ కూలబడిపోయింది, చుట్టూ ఉన్నవాళ్లు దయ్యం పట్టిందేమో అని కంగారుపడ్డారు. కాబట్టి చెరువు దగ్గర నీ పక్కన ఎవరుండాలో ముందే అనుకో. మీ మరదలో, చిన్నప్పటి స్నేహితురాలో. "నేను అక్కడ ఏడిస్తే నా చెయ్యి పట్టుకుని నిలబడు, ఊరుకో ఊరుకో అనకు" అని చెప్పిపెట్టు. పాప చూస్తుందని భయపడకు. "అమ్మమ్మ గుర్తొచ్చింది" అని చెప్పు, ఏడేళ్ల పిల్లకు ఆ మాట చక్కగా అర్థమవుతుంది. దాచిపెడితేనే పిల్లలు తమ వల్ల ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

పాటల సంగతి. నీకు వెనక అందుకోవడమే వచ్చు అన్నావు. ఉత్తరంలో నన్ను ఎక్కువ కదిలించిన మాట అదే. మీ అమ్మతో పాటు ఆ వాడలో నలభై ఏళ్లు చప్పట్లు కొడుతూ తిరిగిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు కదా. ఏ పాట తర్వాత ఏ పాట ఎత్తుకునేదో, ఏ మాట దగ్గర గొంతు సాగదీసేదో వాళ్లకు తెలుసు. ఆ పెద్దమ్మల ఇంటికి పోయి ఒక గంట కూర్చో. ఫోన్‌లో రికార్డ్ చెయ్. యూట్యూబ్‌లో బతుకమ్మ పాటలకు కొదవ లేదు, డీజే పెట్టి కూడా ఆడుతున్నారు, కానీ మీ అమ్మ పాడినది ఆ వాడలోనే ఉంది. ఈ ఏడే నేర్చుకోవాలని కాదు. ఆ ముసలివాళ్లు కూడా ఎంతకాలం ఉంటారో తెలియదు కాబట్టి రికార్డ్ మాత్రం ఈ ఏడే చెయ్. మీ అమ్మ గురించి నీకు తెలియని ముచ్చట్లు రెండైనా దొరుకుతాయి.

ఇది ఎలా చెప్తున్నానంటే, నాకే జరిగింది. దసరా నాడు మా ఇంట్లో మొదటి జమ్మి ఆకు మా నాన్న చేతిలో పెట్టి కాళ్లకు మొక్కేవాళ్లం. ఆయన పోయిన ఏడు పండగ లేదు. మరుసటి ఏడు జమ్మి తెచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాను, ఎవరికివ్వాలో తెలియలేదు. ఫొటో దగ్గర పెట్టబుద్ధి కాలేదు. చివరికి నడుచుకుంటూ పోయి, నాన్న రోజూ పొద్దున చాయ్ తాగే టైలర్ దుకాణం పెద్దాయన ఇంటికెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఆకు పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాన్న కుర్రతనంలో చీటీ పాట డబ్బులతో సైకిల్ కొనుక్కుని, వారంలోపే ఎవరికో అవసరమని ఇచ్చేసిన సంగతి చెప్పాడు. నాకు ఆ సైకిల్ సంగతే తెలియదు. ఆ రోజు ఇంటికి వస్తుంటే ఏడుపు వచ్చింది, కానీ అది వేరే రకం ఏడుపు. ఇప్పటికీ ప్రతి దసరాకు మొదటి ఆకు ఆయనకే ఇస్తాను.

మీ అత్తమ్మ అన్న మాట గురించి. ఆమె మీద కోపం తెచ్చుకోకు. ఏడిస్తే పోయినవాళ్లకు మంచిది కాదు అనేది ఆమె కాలంలో ఆమెకు ఎవరో చెప్పిన మాట, బహుశా ఆమె ఏడుస్తున్నప్పుడే చెప్పి ఉంటారు. ఒకరోజు కూరలు తరుగుతూ నెమ్మదిగా అడుగు: "అత్తమ్మా, మీ అమ్మ పోయిన తర్వాత మొదటి బతుకమ్మకు మీరేం చేశారు?" వాదించకు, అడుగు అంతే. ఆమె ఏం చెప్తుందో నాకు తెలియదు గానీ, ఆ తర్వాత ఆమె ఆ మాట నీతో అనకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. అలల్లాగా వచ్చిపోయే దుఃఖం గురించే ఇంతసేపూ మాట్లాడాను, అంటే మధ్యమధ్యలో పాప మాటకు నవ్వగలగడం, పని చేసుకోగలగడం, ఆకలి వేయడం ఉన్నది. అలా కాకుండా రోజంతా, వరసగా రెండు వారాలకు పైన, దేని మీదా ఇష్టం లేకుండా, నిద్రపట్టకుండా, తినకుండా ఉంటే అది డాక్టర్ చూడాల్సిన సంగతి. ఏడాది దాటాక కూడా దాదాపు రోజూ, అమ్మ పోయిన మొదటి రోజంత పచ్చిగా ఉండి, ఏ పనీ చేయనివ్వకపోతే దాన్ని కూడా ఇప్పుడు వైద్యులు ఒక సమస్యగా గుర్తించారు, అమెరికా సైకియాట్రీ సంఘం 2022లో తమ జాబితాలో చేర్చింది, దానికి మాటలతో చేసే చికిత్స ఉంది. నీ ఉత్తరం చదివితే నువ్వు అక్కడున్నావని నాకనిపించలేదు, కానీ నేను నిన్ను చూడలేదు. చచ్చిపోవాలని, అమ్మ దగ్గరికి పోవాలని ఎప్పుడైనా అనిపిస్తే ఆ గంటలోనే నీ భర్తకు చెప్పు, 14416కు ఫోన్ చెయ్. టెలి మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన నంబర్ అది, రాత్రీపగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అలాంటిదేమీ లేకపోయినా, ఊరికే ఎవరితోనైనా మాట్లాడాలనిపించినా చేయొచ్చు.

ఇక బాపు. నువ్వు ఆయన గురించి ఒక్క వాక్యమే రాశావు గానీ నేను ఎక్కువ ఆలోచించింది ఆయన గురించే.

బతుకమ్మ ఆడవాళ్ల పండగ అంటాం, కానీ చాలా ఇళ్లల్లో పువ్వు తెచ్చేది మగవాళ్లు. పొద్దున్నే చెలకల వెంట, గట్ల వెంట తిరిగి, చేతులు గీరుకుపోతూ, తువ్వాలలో తంగేడు కట్టుకుని, గునుగు మోపు కట్టి సైకిల్ వెనకో బండి వెనకో పెట్టుకొస్తారు. మీ బాపు మీ అమ్మ కోసం ఎన్నేళ్లు తెచ్చి ఉంటాడు? ఆమె సిబ్బి ముందు కూర్చుని గుమ్మడాకులు పరిచి, "ఇంత తక్కువ తెచ్చినవ్, పైన గౌరమ్మ దాకా ఎట్ల వస్తది" అని అంటుంటే ఆయన మళ్లీ పోయి ఇంకో మోపు తెచ్చి ఉంటాడు కదా. పోయిన ఏడు ఆయన్ను పువ్వు ఎవరూ అడగలేదు. ఈ ఏడు కూడా ఎవరూ అడగకపోతే ఆయన ఆ చెలక దిక్కు చూడకుండా కూర్చుంటాడు. మగవాళ్లు, ఆ వయసువాళ్లు, దుఃఖం గురించి ఫోన్‌లో మాట్లాడరు. "తిన్నవా, తిన్న, పాప మంచిగుందా, ఉంటా" అంతే. నువ్వు "బాపూ, అమ్మ గుర్తొస్తుందా" అని అడిగితే ఫోన్ తమ్ముడికి ఇచ్చేస్తాడు. కానీ గునుగు ఎక్కడ పూసిందని అడిగితే మాట్లాడతాడు. ఏ గట్టు మీద తెల్లగా ఉంది, ఎవరి చేను పక్కన ఈసారి మందు కొట్టి పోగొట్టారు, తంగేడు ఏ గుట్ట మీద ఎక్కువుంది, అన్నీ చెప్తాడు.

సాయంత్రం ఆరున్నర ఫోన్ ఉంది కదా, అది ఇప్పుడు ఆయనకు చెయ్. అమ్మకు బదులుగా కాదు, అమ్మతో మాట్లాడిన మాటలు బాపుతో మాట్లాడలేవు, అది నాకు తెలుసు. కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా లైన్‌లో ఉన్నా ఫర్వాలేదు. ఆయన పక్కన పశువుల చప్పుడు వినిపిస్తుంది, నీ పక్కన ట్రాఫిక్ చప్పుడు ఆయనకు వినిపిస్తుంది. పాపను తీసుకుని ఆయన వెంట పువ్వుకు పో, కుదిరితే. అమ్మమ్మకు తాత ఎక్కడి నుంచి పువ్వు తెచ్చేవాడో అది తన కళ్లతో చూస్తుంది. బతుకమ్మ చిన్నదైనా సరే, చేటంత కాకపోయినా చిప్పంత చేసినా సరే, వంకరగా వచ్చినా సరే, పాపనే పేర్చనివ్వు. గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను మాత్రం నువ్వు పెట్టు, మీ అమ్మ ఎట్లా పెట్టేదో నీ వేళ్లకు తెలుసు.

నిన్ననే వినాయక నిమజ్జనం అయింది, పెత్రమాసకు ఇంకా రెండు వారాలుంది. తంగేడు పొద్దున కోసింది సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి దానికి తొందర లేదు. గునుగు మాత్రం రెండు మూడు రోజులు ముందే తెచ్చిపెట్టుకోవచ్చు, రంగులు అద్దాలంటే ఇంకా ముందే కావాలి. ఈ రోజు సాయంత్రం బాపుకు ఫోన్ చేసి, ఎన్ని మోపులు కావాలో చెప్పు.